జేబులో ఉంటుంది, మోగదు

(విజయనగరంలో ఒక పఠనమందిరం సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను ప్రసంగంలోనే కలిపేశాం.)

సభకు నమస్కారం. పెద్దలకూ, ముందు వరసలో కూర్చున్న ఇంజినీరింగ్ పిల్లలకూ కూడా.

నన్ను పిలిచినాయన "పాత కంప్యూటర్ల మీద మాట్లాడండి మాస్టారూ" అన్నారు. నేను మాస్టార్నీ కాను, నాకు కంప్యూటర్ చదువూ లేదు. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేరి, ఎస్.కోట నుంచి ఇచ్ఛాపురం దాకా బ్యాగు మోసి రిటైరైనవాణ్ణి. అన్ని కంప్యూటర్ల గురించీ చెప్పలేను గానీ ఒక్క యంత్రం గురించి చెప్పగలను. ఎందుకంటే అది ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంది. ఇదిగో. వెనక ఉన్నవారికి కాలిక్యులేటర్‌లా కనిపిస్తోందేమో. దీని పేరు పామ్ ఎం100. 2000లో మార్కెట్లోకి వచ్చింది. ఈ రకం యంత్రాలను అప్పట్లో పీడీఏ, అంటే పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్, అనేవారు.

ఇందులో ఫోను లేదు. సిమ్ పెట్టడానికి చోటే లేదు. కెమెరా, ఇంటర్నెట్, పాటలు ఏవీ లేవు. మొత్తం మెమరీ రెండు మెగాబైట్లు. ఇప్పుడు మీ ఫోనుతో నన్నొక ఫొటో తీస్తే, ఆ ఒక్క ఫొటో ఇందులో పట్టకపోవచ్చు. మొన్న రైతుబజారులో కూరల చిట్టా చూసుకోడానికి దీన్ని తీస్తే, వంకాయలు తూస్తున్నావిడ అడిగింది, "ఫోను కాకపోతే మరేటికి బాబూ ఇది?" అని. ఆవిడ అడిగిన ప్రశ్నకే ఈ సాయంత్రం జవాబు చెప్పబోతున్నాను. బజారులో నిలబడి చెప్పాలంటే కష్టం.

ముందు ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పి త్వరగా ముగిస్తాను. పీడీఏ అనే మాటను 1992లో ఆపిల్ కంపెనీ అధిపతి జాన్ స్కల్లీ ప్రచారంలోకి తెచ్చాడు. మరుసటేడు ఆ కంపెనీ న్యూటన్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. మనం మామూలుగా కలిపిరాసే ఇంగ్లీషును అది చదివి అర్థం చేసుకోవాలి. అదీ వాళ్ల ఆశయం. చాలాసార్లు తప్పు చదివేది. పత్రికల్లో కార్టూన్లు వేసి మరీ నవ్వారు. తర్వాతి మోడళ్లలో బాగా మెరుగుపడినా, ఆ నవ్వులు మాత్రం దాన్ని వదల్లేదు. 1998లో ఆపేశారు. అంతకు చాలా ముందే, 1984లో, ఇంగ్లండులో సయాన్ అనే కంపెనీ ఆర్గనైజర్ పేరుతో చేతిలో పట్టే కంప్యూటర్ అమ్మింది. మన దగ్గర చాలామందికి తెలిసింది మాత్రం కేసియో డిజిటల్ డైరీ. అల్లుడికి పెట్టుపోతల్లో వాచీతో పాటు ఆ డైరీ కూడా పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక పామ్. జెఫ్ హాకిన్స్ అనే ఇంజినీరు యంత్రం తయారు చేయకముందే, ఆ సైజులో ఒక చెక్కముక్క కోయించి చొక్కా జేబులో వేసుకుని తిరిగాడట. ఎవరైనా ఫలానా రోజు ఖాళీయా అని అడిగితే ఆ చెక్క బయటికి తీసి, పుల్లతో దాని మీద నొక్కుతున్నట్టు నటించేవాడట. పిచ్చివాడు అనుకుని ఉంటారు చూసినవాళ్లు. కానీ ఆ చెక్క అతనికి రెండు విషయాలు చెప్పింది: జేబులో పట్టని యంత్రాన్ని ఎవరూ మోయరు, తీసిన క్షణంలో పని చేయనిదాన్ని ఎవరూ తీయరు. 1996లో పైలట్ పేరుతో మొదటి యంత్రం వచ్చింది. మెమరీ 128 కిలోబైట్లు. మీరు విన్నది సరే, కిలోబైట్లే.

ఇక ఈ ఎం100 నా చేతికెలా వచ్చిందంటే, అప్పట్లో ఈ ప్రాంతంలో ఇలాంటివి వచ్చే దారి ఒక్కటే. అమెరికాలో చుట్టం ఉండాలి. నాకు బావమరిది ఉన్నాడు. సెలవుల్లో వస్తూ తెచ్చాడు. "బావా, నువ్వు ఊళ్లు తిరిగే మనిషివి కదా, పనికొస్తుంది" అన్నాడు.

పిల్లలకు ఒక సంగతి తెలియాలి. ఆ రోజుల్లో ఫోను లేని యంత్రం అంటే ఎవరికీ వింత కాదు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న మాట్లాడారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మనం చేసిన కాలుకే కాదు, మనకొచ్చిన కాలుకూ డబ్బు కట్టాలి. వచ్చే కాల్స్ ఉచితం అయింది 2003లో. నేను దీన్ని వాడడం మొదలుపెట్టినప్పుడు కబురు చెప్పాలంటే ఎస్టీడీ బూత్. మా మేనేజరుకు కూడా రాత్రి రేటు తగ్గాకే ఫోన్ చేసేవాళ్లం. ఎవరితోనైనా మాట్లాడాలంటే బూత్‌కి నడవాలి. ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే జేబు తడుముకోవాలి. ఆ రెండు పనులకూ రెండు చోట్లు ఉండేవి. ఇది గుర్తుంచుకోండి, దీనికే మళ్లీ వస్తాను.

రిప్ ఉద్యోగం అంటే నిజానికి జ్ఞాపకశక్తి ఉద్యోగం. మందు గురించి చెప్పడం ఎవరికైనా రెండు నెలల్లో వస్తుంది. ఏ డాక్టరు ఎప్పుడు దొరుకుతాడు, ఎవరికి మాట నచ్చదు, ఎవరికి శాంపిల్ ముందు పెట్టాలి, ఎవరి గుమ్మంలో ఎంతమంది కూర్చుంటే లోపలికి వెళ్లకూడదు... ఇది తెలియడమే అసలు పని. పార్వతీపురం, సాలూరు వైపు సంత రోజు ఒకటి ఉంటుంది. కొండ మీది నుంచి జనం దిగుతారు. సరుకులు కొని, ఆ చేత్తోనే డాక్టరుకు చూపించుకుని వెళతారు. ఆ రోజు వెళ్లి గుమ్మంలో నిలబడితే డాక్టరుకు చిరాకు, మనకు రోజు దండగ. ఏ ఊళ్లో సంత ఏ వారమో ఇందులో వేసి పెట్టుకున్నాను, వారం వారం దానంతటదే వచ్చేలాగ. టూర్ ప్రోగ్రాం వేసేటప్పుడు ముందు అదే చూసేవాణ్ణి.

దీనికి కింద నాలుగు బటన్లు ఉన్నాయి చూడండి. ఒకటి నొక్కితే డైరీ, ఒకటి అడ్రసులు, ఒకటి చేయాల్సిన పనులు, చివరిది చేత్తో గీసుకునే నోట్‌ప్యాడ్. ఆఫ్‌లో ఉన్నా సరే, బటన్ నొక్కగానే నేరుగా ఆ పేజీ. ఆన్ అయ్యేదాకా కంపెనీ బొమ్మ చూస్తూ కూర్చోవడం లేదు. మూత మూసి ఉన్నా, ఇక్కడ చిన్న కిటికీ ఉంది, ఈ బటన్ నొక్కితే అందులోంచి టైము కనిపిస్తుంది. రాయగడ ప్యాసింజరులో బొబ్బిలి దాటాక ఆ రోజు కలిసిన డాక్టర్ల పేర్లన్నీ వేసేసుకునేవాణ్ణి. రాత్రి లాడ్జిలో కూర్చుని డీసీఆర్, అంటే ఆ రోజు ఎవరెవర్ని కలిశామో కంపెనీకి రాసే రిపోర్టు, నింపేటప్పుడు బుర్ర గీక్కునే పని ఉండేది కాదు. పనిచేసినవాళ్లకు ఆ సుఖం తెలుస్తుంది.

రాయడం ఎలా అంటారా? కీబోర్డు లేదు. స్క్రీను కింద ఈ చిన్న గడిలో పుల్లతో రాయాలి. ఎడమవైపు అక్షరాలు, కుడివైపు అంకెలు. మామూలు ఇంగ్లీషు కాదు. గ్రాఫిటి అని ఒక లిపి. అక్షరానికి ఒకే గీత, పుల్ల ఎత్తకూడదు. 'ఎ' రాయాలంటే అడ్డగీత లేకుండా తలకిందులైన 'వి' గీస్తే చాలు. అడ్డంగా గీసి కిందికి దించితే 'టి'. ఎడమ నుంచి కుడికి చిన్న గీత అంటే ఖాళీ. కుడి నుంచి ఎడమకు గీస్తే వెనకటి అక్షరం చెరుగుతుంది. కింది నుంచి పైకి గీస్తే తర్వాత వచ్చేది పెద్దక్షరం. ఒక అక్షరం మీద ఇంకోటి రాసేస్తూ పోవచ్చు, చేయి జరపక్కర్లేదు.

న్యూటన్ చేసినవాళ్లు మనిషి రాతను యంత్రానికి నేర్పాలని చూశారు. హాకిన్స్ దాన్ని తిప్పేశాడు. మనిషే కొంచెం వంగి యంత్రం రాత నేర్చుకుంటే పోలా అన్నాడు. మనవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం. ఇరవై ఆరు గీతలు ఒక మధ్యాహ్నం దిద్దితే వచ్చేస్తాయి. నేను ఆమదాలవలస స్టేషనులో రైలు లేటయినప్పుడు దిద్దాను. ఆ లిపి తమ పద్ధతిని పోలి ఉందని జిరాక్స్ కంపెనీ కోర్టుకెక్కింది. అది ఏళ్లు నడిచి, 2003 ప్రాంతంలో పామ్ వాళ్లు కొత్త లిపికి మారారు. అందులో కొన్ని అక్షరాలకు రెండేసి గీతలు. పాత లిపికి అలవాటుపడ్డవాళ్లు తిట్టుకున్నారు. నా దాంట్లో పాతదే ఉంది, ఆ గొడవ నాదాకా రాలేదు.

తెలుగు సంగతి అడుగుతారని తెలుసు. ఇందులో తెలుగు లేదు. మెమోలో రాయాలంటే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి, ఇప్పుడు పిల్లలు వాట్సాప్‌లో కొడుతున్నట్టే. అయితే ఈ నోట్‌ప్యాడ్ ఉంది చూశారా, ఎం100తోనే ఇది మొదలు, దీంట్లో పుల్లతో ఏది గీస్తే అది బొమ్మలా నిలిచిపోతుంది. అక్కడ మాత్రం ఒత్తులతో సహా మన తెలుగే రాసుకున్నాను. స్క్రీను ఈ చివర నుంచి ఆ చివరకు 160 చుక్కలు, పై నుంచి కిందికీ అంతే. క్ష్మి రాస్తే సగం లైను పోతుంది. పైగా బొమ్మ కాబట్టి వెతకలేం. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినదైతే, మాట మొదలు తెలిస్తే చాలు, ఎక్కడున్నా పట్టుకొచ్చేస్తుంది. అందుకని నా దగ్గర ఒక పద్ధతి పడిపోయింది: వెతకాల్సి వచ్చేది ఇంగ్లీషు లిపిలో, చదువుకోవాల్సింది తెలుగు గీతల్లో. ఊరికి తగ్గ అలవాటే అనుకోండి. ఈ ఊళ్లోనే గురజాడ వారు తన డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నారు. పోలిక అక్కడితో సరి, ఎవరూ రాళ్లు వేయకండి.

సరే, ఫోన్లు వచ్చాయి. 2002 నుంచే పామ్ రకం యంత్రానికి ఫోను అతికించి అమ్మారు, ట్రియో అని. 2007లో ఐఫోన్. ఆ తర్వాత మా రిప్‌లందరి చేతుల్లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లే, కంపెనీలే ట్యాబులిచ్చి డీసీఆర్ అందులోనే నింపమన్నాయి. పామ్ కంపెనీని 2010లో హెచ్‌పీ కొన్నది, ఆ పేరు కూడా మెల్లగా పోయింది. మరి ఇది నా జేబులో ఇంకా ఎందుకుంది? మొండితనం అని మా ఆవిడ అంటుంది. కొంత నిజమే.

అసలు కారణం ఇది. గుర్తుపెట్టుకోవడం ఒక పని. ఇతరులకు దొరకడం ఇంకో పని. ఇందాక బూత్ గురించి చెప్పానే, అప్పట్లో ఈ రెండూ వేరు వేరు చోట్ల ఉండేవి. వాటిని ఒక డబ్బాలో పెట్టి అమ్మడం కంపెనీలకు లాభం, మనకు సదుపాయం, కాదనను. కానీ ఆ డబ్బాలో ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. గుర్తుపెట్టుకునే పనికి నోరు లేదు, దొరికే పనికి గంట ఉంది. ఏది గెలుస్తుందో చెప్పాలా?

మీరే చూసుకోండి. డాక్టరు ఒక పరీక్ష పేరు చెప్పారు, రాసుకుందామని ఫోను తీశారు. తాళం తీయగానే పైన మూడు మెసేజీలు. ఒకటి బ్యాంకుది, చూడకపోతే ఎలా? ఒకటి ఫ్యామిలీ గ్రూపులో శుభోదయం, దానికో దండం పెట్టాలి. ఈలోగా ఇంకెవరో ఫోన్ చేస్తారు. అంతా అయ్యాక ఫోను జేబులో పెట్టేస్తారు. మెట్లు దిగాక గుర్తొస్తుంది, ఆ పరీక్ష పేరేమిటి అని. నవ్వుతున్నారంటే అందరికీ జరిగిందన్నమాట.

ఇది తీస్తే అలా జరగదు. దీనికి అంత నిగ్రహం ఉందని కాదు, దీనికి చేతకాదు. నేను పెట్టిన అలారం తప్ప దీంట్లో ఇంకేదీ మోగదు. నేను రాసింది తప్ప ఇంకేదీ కనిపించదు. ఇది ఎవరికీ నా గురించి చెప్పదు, నాకు ఎవరి గురించీ చెప్పదు.

ఇక్కడ ముందు వరసలోంచి బాబు ఒకడు మంచి మాటే అడిగాడు: "సర్, పాత ఫోనులో సిమ్ తీసేసి వాడితే సరిపోదా?" చాలామంది చేస్తున్నారు. నేనూ మా అబ్బాయి పాత ఫోనుతో వాడి చూశాను. సగం పని అవుతుంది. ఆపిల్ వాళ్ల ఐపాడ్ టచ్ సరిగ్గా అలాంటిదే, ఫోను లేని ఐఫోన్. 2007 నుంచి 2022 దాకా అమ్మారు. కానీ సిమ్ తీసినంత మాత్రాన దాని బుద్ధి మారదు. వైఫై అందగానే అప్‌డేట్ అంటుంది. నోట్స్ తెరిస్తే లాగిన్ అవ్వమంటుంది. చోటు నిండిందంటుంది, నెలకింత కట్టమంటుంది. నువ్వు అడగకుండానే నిరుడు ఈ రోజు ఫొటోలంటూ ముందుకు తోస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అనవసరమైనవన్నీ తీసేసి, ఓపికగా కూర్చుంటే దాదాపు దీనిలా చేయొచ్చు. చేసినవాళ్లను మెచ్చుకుంటాను. అయితే రోజూ ఛార్జింగ్ పెట్టే పని ఎలాగూ ఉంటుంది. దీనికి టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు రెండు చాలు, వారాల తరబడి నడుస్తుంది. సెల్లు ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి.

సెల్లు అంటే హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12. మీలో చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి గాలి గురించి నేను చెప్పక్కర్లేదు. స్తంభాలు పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మొదటి రోజు సాయంత్రానికే ఫోన్లు ఒక్కొక్కటీ చల్లబడ్డాయి. జనరేటర్ ఉన్న చోట ఫోన్లు పట్టుకుని బారులు తీరారు. అప్పుడు తేలిందేమిటంటే, ఎవరికీ ఎవరి నంబరూ నోటికి రాదు. సొంత కొడుకు నంబరు కూడా చచ్చిపోయిన ఫోనులోనే ఉంది. మా వీధిలో ఒకరింట్లో పాత ల్యాండ్‌లైన్ పనిచేసింది. ఫోను ఉంది, చేయాల్సిన నంబరు లేదు!

నా దగ్గర నంబర్లు ఉన్నాయి, ఫోను లేదు. ఇద్దరం కలిశాం. మా ఎదురింటి పెద్దాయనకు షుగరు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్‌కి కరెంటు లేదు. వాళ్లింట్లో ఒకటే టెన్షన్. వాడుతున్న సీసాను ఎండ తగలకుండా చల్లటి చోట ఉంచితే గది వేడిమిలోనే దాదాపు నాలుగు వారాలు ఉంటుందని రిప్‌గా నాకు తెలుసు, ముందు అది చెప్పి కుదుటపరిచాను. తర్వాత ఇందులో స్టాకిస్టుల నంబర్లు వెతికి ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే, ఒకరి దగ్గర ఐస్‌బాక్సులో సరుకు ఉందని తెలిసింది. ఇందులో నా యంత్రం గొప్పేమీ లేదు. కాగితం పుస్తకంలో నంబర్లు రాసి పెట్టుకున్నా అదే జరిగేది. కానీ వానకు మా ఇంట్లో కాగితాలన్నీ ముద్దయిపోయాయి, ఇది స్టీలు డబ్బాలో ఉంది.

ఇప్పుడు దీనితో వచ్చే ఇబ్బందులు కూడా చెబుతాను. లేకపోతే ఇంటికెళ్లి ఒకటి కొనేసి నన్ను తిట్టుకుంటారు.

మొదటిది ఇల్లు. బయటికెళ్లిన మనిషి దొరకడు. మా ఆవిడ అడిగింది, "ఉప్పు మర్చిపోయానని మీకు చెప్పాలంటే నేనేం చెయ్యాలి, డప్పు కొట్టించాలా?" అని. న్యాయమైన ప్రశ్న. కాబట్టి మా ఇంట్లో ఫోను ఉంది, మంచి ఫోనే, హాలులో అల్మారా మీద ఉంటుంది, పాత ల్యాండ్‌లైన్ ఉండే చోటే. బ్యాంకు ఓటీపీ, గ్యాసు బుకింగ్, ఆధార్ మెసేజ్ అన్నీ దానికే వస్తాయి. ఆ పనులకు ఫోను లేకుండా ఈ రోజుల్లో బతకలేం, బతకగలనని ఎవరైనా అంటే వాళ్లింట్లో వేరేవాళ్లు ఆ పని చేసి పెడుతున్నారని అర్థం. ఊళ్లో తిరిగేటప్పుడు నాతో ఇది వస్తుంది. పొరుగూరు వెళితే ఫోను సంచిలో వేసుకుంటాను. కూరగాయలకు నోట్లు ఇస్తాను. చిల్లర లేదని ఈ మధ్య విసుక్కుంటున్నారు, అది ఒప్పుకోవాలి.

రెండోది, దీని జ్ఞాపకం సెల్లుల మీద ఆధారపడి ఉంది. సెల్లు పూర్తిగా దిగిపోతే లోపల ఉన్నదంతా పోతుంది, పసిపిల్లాడి బుర్రలా ఖాళీ. సెల్లు మార్చేటప్పుడు ఒక నిమిషం లోపల కొత్తవి పడాలి. నేను కొత్త సెల్లు రెండూ విప్పి చేతిలో పట్టుకున్నాకే పాతవి తీస్తాను. అంతకన్నా ముఖ్యం, కంప్యూటర్‌కి కాపీ తీయాలి. దీని కేబులు మీద ఒక బటన్ ఉంది, హాట్‌సింక్ అంటారు. నొక్కితే ఇందులో ఉన్నవన్నీ కంప్యూటర్‌లోకి, అందులో మార్చినవి ఇందులోకి వెళతాయి. ఇప్పుడది సాధారణంగా అనిపిస్తుంది గానీ 1990లలో ఒక్క బటన్‌తో అలా జరగడమే జనాన్ని పామ్ వైపు తిప్పింది. నా కేబులు పాత సీరియల్ రకం, ఇప్పటి ల్యాప్‌టాపులకు ఆ రంధ్రమే ఉండదు. సీరియల్ నుంచి యూఎస్‌బీకి మార్చే ముక్క కొనుక్కోవాలి. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం తెలిసిన పిల్లలుంటే జె-పైలట్ అనే ప్రోగ్రాం ఉంది, అది దీనితో మాట్లాడుతుంది.

మూడోది గుట్టు. రికార్డులను దాచే పాస్‌వర్డు ఒకటి ఉంది గానీ అది ఇంట్లో మనవల నుంచి కాపాడుతుంది తప్ప తెలివైన దొంగ నుంచి కాదు. బ్యాంకు పిన్‌లు ఇందులో పెట్టకండి.

కొనాలనుకునేవాళ్లకు: పాతవే దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో. రంగుల స్క్రీను చూసి మోసపోకండి. తర్వాత వచ్చిన ఖరీదైన మోడళ్లలో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, ఇన్నేళ్లకు అది చచ్చిపోయో ఉబ్బిపోయో ఉంటుంది. సన్న సెల్లు వేసే మోడల్ చూసుకోండి. సెల్లు గది మూత తీసి పచ్చటి చిలుము ఉందేమో చూడండి, పాత సెల్లు కారితే అలా అవుతుంది. స్క్రీను మీద ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంటే భయపడకండి. సెట్టింగుల్లో గురిపెట్టే పేజీ ఉంటుంది, అది చూపిన గుర్తుల మధ్యలో నొక్కితే సర్దుకుంటుంది. కొనే ముందు అసలు మనకు నచ్చుతుందా అని చూడాలంటే, 2022లో ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు పాత పామ్ ప్రోగ్రాములను బ్రౌజర్‌లోనే నడిచేలా పెట్టారు. ఉచితమే. ముందు అందులో ఆడుకోండి.

మన దేశం కూడా ఈ దారిలో ఒక అడుగు వేసింది, అది చెప్పకపోతే బాగోదు. సింప్యూటర్. బెంగళూరులో ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజినీర్లు కలిసి తయారుచేశారు. 2001లో నమూనా చూపించారు, 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చింది. లినక్స్ మీద నడిచేది. మన భాషల్లో రాసినదాన్ని పైకి చదివి వినిపించేలా ఆలోచించారు, చదువురానివాళ్ల కోసం. యంత్రాన్ని ఇలా వంచితే పేజీ తిరిగేది. ఆ వంపు తెలుసుకునే పరికరం ఫోన్లలో మామూలవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అన్నిటికన్నా నాకు నచ్చింది స్మార్ట్‌కార్డు ఆలోచన. ఊరంతటికీ ఒక యంత్రం చాలు, ఎవరి కార్డు వాళ్ల దగ్గర ఉంటుంది, కార్డు పెడితే వాళ్ల లెక్కలు వస్తాయి. యంత్రం పంచుకోవచ్చు, గుట్టు మాత్రం ఎవరిది వాళ్లకే.

అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. చవక మోడల్‌కే పదివేలకు దగ్గర ధర. అదే సమయానికి ఫోన్ల ధర దిగిపోయింది, వచ్చే కాల్స్ ఉచితం అయ్యాయి. ఊళ్లో రైతుకు ముందు కావాల్సింది కొడుకుతో మాట్లాడడం. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. అందులో తప్పేముంది? నేను కొండ ఊళ్లు తిరిగినవాణ్ణి, ఫోను వచ్చాక ఆ ఊళ్లకు అంబులెన్సు వచ్చింది. పాము కాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని బయల్దేరడం వచ్చింది. అందుకే ఫోను చెడ్డదని నేనెక్కడా అనను. ఆ వంకతో సింప్యూటర్‌లోని మంచి ఆలోచనను కూడా వదిలేశాం, అది మాత్రం బాధ. ఈ రోజు మన భాషలో, మన జేబులో పట్టేలా, ఎవరికీ ఏమీ పంపకుండా, రాసుకున్నది మాత్రమే చూపించే చిన్న పరికరం ఎవరైనా చేస్తే మొదటిది నేను కొంటాను. ఇంజినీరింగ్ పిల్లలూ, మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు పనికొస్తుందేమో చూడండి. ఇప్పుడు చిన్న బోర్డులు, కరెంటు తినని తెరలు చవకగానే దొరుకుతున్నాయి. తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా సరిగా కనబడాలి, అదొక్కటే నా షరతు.

చివరగా ఎవరో చీటీ పంపారు: "ఇది ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుంది?" సెల్లు దొరికినన్నాళ్లూ, స్క్రీను పగలనన్నాళ్లూ. కానీ దీనికి పుట్టుకతోనే ఒక గడువు ఉంది. దీని క్యాలెండరు 1904లో మొదలై 2031 డిసెంబరు 31తో అయిపోతుంది. తయారు చేసినవాళ్లు ఏడాది అంకెకు చాలా తక్కువ చోటు ఇచ్చారు, 128 ఏళ్లే పట్టాయి. ఆ మర్నాడు ఏ తేదీ వేసుకోవాలో దీనికి తెలియదు. అడ్రసులు, మెమోలు ఉంటాయి. డైరీ మాత్రం ఆగిపోతుంది. నేను అందులోవన్నీ మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇప్పటికే తీసి పెట్టాను, ఎం100 పోయినా అవి ఎక్కడైనా తెరుచుకుంటాయి. మీరు దేంట్లో రాసుకున్నా, ఫోనులోనే రాసుకున్నా, అలా ఒక కాపీ తీయడం కుదురుతుందో లేదో ఈ రాత్రి చూసుకోండి.

కేబులు, పుల్ల, విడి సెల్లు కూడా తెచ్చాను. పిల్లలు ముందుకు రండి, ఆ గీతల లిపిలో మీ పేరు రాయడం చూపిస్తాను. గట్టిగా నొక్కకండి.